బాపు నుదుటి మీది నీలం గీత

మా లైన్ క్వార్టర్లలో మగవాళ్ల ఒంటి మీద ఎక్కడో ఒకచోట నీలం గీత ఉండేది. మోచేతి మీదో, వీపు మీదో, చెంప మీదో. బొగ్గు బాయిలో, అంటే గనిలో, దెబ్బ తగిలితే బొగ్గు పొడి గాయంలోకి దిగుతుంది. దాన్ని పూర్తిగా కడగకుండా కుట్టేస్తే చర్మం కింద పచ్చబొట్టులా ఉండిపోతుంది, కట్టెల్లో కాలేదాకా. మా బాపమ్మ చేతుల్లో పడ్డవాళ్లకు మాత్రం ఆ గీత ఉండేది కాదు.

బాపు అంటే మా నాన్న, బాపమ్మ ఆయనను కన్నతల్లి. తాత పోయాక పసివాణ్ణి చంకనేసుకుని నర్సు పని నేర్చుకుంది. బాయి దవాఖానలో ఏళ్లకేళ్లు చేసి, నాకు ఊహ తెలిసేసరికి రిటైరైంది. రిటైరైందంటే ఎవరు విన్నారు? షిఫ్టు దిగి, నెత్తురు కారుతూ తిన్నగా మా అరుగు మీదికే వచ్చేవాళ్లు. ఆమె బ్రష్షును నీళ్లలో మరగబెట్టి, సబ్బు పెట్టి పచ్చి గాయాన్ని తోమేది. అవును, తోమేది, బోళ్లు తోమినట్టే. ఆరడుగుల మనుషులు బండబూతులు తిట్టేవాళ్లు.

“తిట్టు బిడ్డా, మంచిగ తిట్టు. ఇయ్యాల నన్ను తిడ్తె ఏం గాదు. రేపు అద్దం చూసుకొని నిన్ను నువ్వు తిట్టుకోవద్దు” అనేది.

ఆ తోముడు నేనూ తిన్నాను. ఆరేళ్లప్పుడు, పొయ్యికోసం తెచ్చిపోసిన బొగ్గుల కుప్ప మీద పడి మోకాలు చీరుకుపోయింది. ఆమె చెయ్యి కొరికాను. రాక్షసి అన్నాను. కొరికించుకుంటూనే తోమింది. ఆ మోకాలి మీద ఇప్పటికీ మచ్చ లేదు, కొరికినందుకు సిగ్గు మాత్రం పోలేదు.

ఇంత చేసిన మనిషి కొడుకు నుదుటి మీద, ఎడమ కనుబొమ్మ పైన, వేలెడు పొడుగు నీలం గీత! ఎందుకని ఒకసారి మా అమ్మను అడిగాను. బాపు బాయిలో చేరిన కొత్తలో పైకప్పు నుంచి బొగ్గు పెళ్ల విరిగి పడిందట. ఆ రోజు దవాఖానలో డ్యూటీ బాపమ్మదే. బ్రష్షు పెట్టగానే బాపు “అవ్వా!” అని తల్లిని పిలుస్తూ గొంతు చించుకుని ఒర్లాడట. అంతే, ఆమె చెయ్యి ఆగిపోయింది. పైపైన కడిగి కుట్టేసింది.

చుట్టుపక్కలవాళ్లు ఊరుకుంటారా? “మంది పిల్లలను తోమి తోమి, సొంత కొడుకుకాడ మరిచినవా నర్సమ్మా?” అని నవ్వేవాళ్లు. ఆమె నవ్వేది కాదు. బాపు నెత్తికి నూనె పెట్టినప్పుడల్లా బొటనవేలితో ఆ గీతను రుద్దేది.

“ఇడువవే అవ్వా, మచ్చనే గదా” అనేవాడు బాపు.

“మచ్చ కాదురా. నా పని అది. నీకాడ చెయ్యక ఇడిచిపెట్టిన.”

ఆ ఒక్కటే ఆమెను తినేసింది. ఎంతమంది బాగుపడ్డా ఆమె కంటికి ఆనలేదు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు కోపమొస్తుంది. కొడుకు ఏడిస్తే తల్లి చెయ్యి ఆగడం కూడా తప్పేనా? ఆ మాట ఆమెతో ఎన్నడూ అనలేదు. అనాల్సింది.

డెబ్బై ఏళ్లు దాటాక ఒక ఎండాకాలం మంచాన పడింది. చూపు పోయింది. తెలివి వస్తూ పోతూ ఉండేది. ఒక మధ్యాహ్నం బాపు మొదటి షిఫ్టు దిగి, మొహమైనా కడుక్కోకుండా వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. బొగ్గు వాసనకు ఆమె కదిలింది.

“ఎవరి కొడుకువు బిడ్డా? ఏడ తాకింది? బ్రష్షు తేండ్రి, జల్ది.”

బాపు నాకు సైగ చేశాడు. నేను బ్రష్షూ గిన్నెలో నీళ్లూ తెచ్చాను. ఆయన వంగి, నుదురు ఆమె చేతికి ఆనించాడు. ఆమె తోమింది. చేతిలో సత్తువ లేదు. నల్లటి నీళ్లు దిండు మీదికి కారాయి.

“పోయిందా?”

“పోయిందే అవ్వా.”

ఆమె బొటనవేలితో తడిమి చూసింది. వేలు కనుబొమ్మ పైన ఆగింది. అక్కడ తను వేసిన కుట్టు గుర్తే ఉంది.

“నువ్వేనారా కొడుకా,” అంది. “అబద్ధం ఎందుకు చెప్తవ్? ఆ గీత ఆడనే ఉన్నది.”

ఏడ్చింది. ఆమె ఏడవగా చూడటం నాకు అదే మొదటిసారి. బాపు బ్రష్షును మళ్లీ ఆమె గుప్పిట్లో పెట్టి, ఆ గుప్పిటను తన చేత్తో పట్టుకున్నాడు.

“తోము అవ్వా. గట్టిగ తోము. ఈసారి ఒర్లను.”

ఇద్దరూ కలిసి తోమారు. నుదురు కమిలి, చివరికి నెత్తురు కారింది. “నొస్తందా?” అని ఆమె అడిగితే “లేదే” అన్నాడు. కాసేపటికి ఆమె చెయ్యి సడలింది, నిద్ర పట్టింది. ఆ నిద్రలోంచి మళ్లీ లేవలేదు. రెండు రోజులకు పోయింది.

గీత పోలేదు. ఎలా పోతుంది? బాపు మాత్రం ఆ రోజు మాట తప్పలేదు, ఒక్కసారి కూడా ఒర్లలేదు. వాకిట్లోకి ఉరికి ఒర్లింది నేను.