లిబుషె నత్తలు

చెక్ దేశపు మొరావియాలోని మా విశ్వవిద్యాలయంలో ప్రయోగశాల నత్తలకు ఇరవై రెండేళ్లుగా మేత వేసేది లిబుషె. ఏడాదికొక పరిశోధన పత్రానికే ఆపసోపాలు పడే ప్రొఫెసర్ హినెక్, విశ్వవిద్యాలయం వాళ్లు పత్రానికి ఇంత అని బోనస్ ఇవ్వడం మొదలెట్టగానే ఆ ఏడాదే తొమ్మిది గిలికి పారేశాడు. ప్రతి పత్రం చివరా ఆమెకు కృతజ్ఞతలు చెప్పి, ఒక ప్రతి చేతికివ్వడం మా ఆనవాయితీ. ఈసారి ఆమె దాన్ని అక్షరం వదలకుండా చదివింది.

“ఆరువందల నత్తలని రాశారేంటి ప్రొఫెసర్ గారూ? నేను క్యాబేజీ వేసేది అరవైకేగా?”

“మిగతావి పైగదిలో ఉన్నాయి లెండి,” అన్నాడు హినెక్.

“అయ్యో, ఇన్నాళ్లూ ఏం తిని బతికాయో పాపం!” అంటూ ఆమె తాళాల గుత్తి తీసింది. “పదండి చూద్దాం. ఆ గదిలో నా చీపుళ్లు తప్ప ఏమీ ఉండవే!”

హినెక్ నావైపు చూశాడు. నేను తల దించుకున్నాను. ఆ పత్రం మీద రెండో పేరు నాదే.