సౌభాగ్యం మాటల పెట్టె ఎందుకు నిదానించింది

పెళ్లాం నోటికి సుందరమూర్తే తాళం వేశాడన్న మాట ముత్తియాల్‌పేటలో ఇంటింటికీ తిరిగింది. తిప్పినవాళ్లు కాస్త కూర్చుని వినాలి. ఆమె మాటల పెట్టె వేగం తగ్గించమన్నది అతనే, నిజం. ఎందుకని మాత్రం ఎవరూ అడగలేదు.

2006లో గొంతు ఆపరేషన్ అయ్యాక సౌభాగ్యానికి మాట పోయింది. వైట్ టౌన్‌లో తను పనిచేసే ఆఫీసు పాతదని తీసేసిన చేతి కంప్యూటరును సుందరమూర్తి ఇంటికి తెచ్చాడు. మేనకోడలు ఆర్తి అందులో బొమ్మలు పెట్టి, ఒక్కో బొమ్మకు ఒక్కో మాట తన గొంతుతో నింపింది. పుల్లతో తాకితే చాలు, పలికేది. అరవై ఏళ్ల మనిషి పడుచు గొంతుతో కూరగాయల బండివాణ్ణి తిడుతుంటే వీధంతా ముచ్చటపడింది.

ఒక సోమవారం ఆ పెట్టె నిదానించింది. "ముదురువి వద్దు" అని తాకితే, బండివాడు బెండకాయలు తూచి సంచిలో పోసి పక్కింటికి కదిలాక పలికింది.

ఎదురింటి ధనభాగ్యం గడపలో చతికిలబడింది. "అక్కా, రిపేరు షాపు గణేశన్ కడ నేనే విన్నా. లోపలుండే ప్రాసెసర్ వేగం సగానికి దించమని బావే చెప్పినాడంట. నీ తిట్లు తట్టుకోలేకేమో పాపం."

సౌభాగ్యం నవ్వి "నోరు ముయ్యి" బొమ్మను తాకింది. ధనభాగ్యం వీధి దాటి వెళ్లాక, ఖాళీ గడపకు పెట్టె ఆ మాట చెప్పింది.

ఆమె నవ్వు అక్కడితో ఆగింది. తన మాట ఆయనకు బరువైందా అన్న అనుమానం ముల్లులా దిగింది. రోజూ సాయంత్రం ఇద్దరూ స్కూటరు మీద బీచికి పోయి, గోడమీద కూర్చుని, ఊరికే సముద్రం చూసి వచ్చేవారు. ఆ వారమంతా ఆమె తలనొప్పని సైగచేసి ఇంట్లోనే ఉండిపోయింది. అతను ఒంటరిగానూ వెళ్లలేదు. చెప్పులు వేసుకుని వరండాలో కూర్చునేవాడు, చీకటిపడ్డాక విప్పేవాడు.

శనివారం ఆ చెప్పులు చూసి ఆమెకు మనసాగలేదు. చీర మార్చుకుని వచ్చి స్కూటరెక్కింది. బీచి గోడమీద కూర్చున్నాక "నిదానం" తాకింది, ఆ వెనకే "ఎందుకు" తాకింది. ఒక అల వచ్చి రాళ్లకు తగిలి వెనక్కి పోయింది. అప్పుడు పలికింది ఆర్తి గొంతు.

సుందరమూర్తి సముద్రం వైపే చూస్తూ అన్నాడు. "వేగంగా ఉంటే బ్యాటరీ మధ్యాన్నానికే అయిపోతా ఉండె. ఛార్జి పెడదామంటే ఆ పొద్దులో కరెంటుండదు. పగలంతా బండోడు వినె, ధనభాగ్యం వినె. నేను పని ముగించి నిన్ను ఈడికి పిలుచుకొచ్చేలోగా పెట్టె చచ్చిపోతా ఉండె. నాకు రవ్వంత మిగలాల గదా. లేటైతే కానీ, నేను యాడికి పోతా, ఈడనే గదా కూర్చునుండేది."