కుర్చీ పక్కన పెట్టిన మేనత్త

మా మేనత్త ఏ ఆఫీసుకు పోయినా కూచునేది కాదు. "కూచున్నోళ్లని మరిచిపోతారు రా. నిలబడినోళ్లు కంటికి అడ్డంగా ఉంటారు" అనేది.

స్వరాజ్యం వచ్చిన కొత్తలో మా పాలెంలో సర్కారు బావి తవ్వతా, బండ తగిలిందని సగంలో వదిలేసినారు. మేనత్త ఉదయగిరి తాలూకా ఆఫీసుకు నడిచిపోయి తాసీల్దారు గుమ్మానికి ఎదురుగా నిలబడేది. బంట్రోతు బల్ల చూపిస్తే, "నీళ్లు పడినాక కూచుంటాలే నాయనా" అనేది.

అట్లా పోంగా పోంగా, ఒకనాడు తాసీల్దారే పాలేనికి వచ్చినాడు. మునసబు వేపచెట్టు నీడన కుర్చీ వేయించినాడు. మేనత్త దాన్ని ఎత్తి పక్కన పెట్టేసింది.

"ఏందే, దొరకి మర్యాద ఇదేనా?" అని మునసబు అరిచినాడు.

"కూచుంటే ఆయనా మరిచిపోతాడు" అనింది మేనత్త. తాసీల్దారు వైపు తిరిగి, "రండయ్యా, బావికాడ నిలబడి మాట్లాడుకుందాం" అనింది.

ఆయన ఆమె వెంట పోయి, మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి ఆ ఎండు గుంతలోకి చూసినాడు. కొద్దిరోజులకే బండ పగలగొట్టే మనుషులు దిగినారు.

నీళ్లు పడిన రోజు, "ఇంకనన్నా కూచో అత్తా" అన్నాను. బావిగట్టు మీద కూచుని దోసిలితో కడుపారా తాగింది. ఆ వెంటనే లేచి కొంగు దులుపుకునింది.

"బడికి కప్పు లేదు గదరా. బళ్ల ఆఫీసుండే ఆత్మకూరుకు బస్సు ఎన్నింటికి?"