అమ్మోనియాకు తరుగు

మాది తెనాలిలో చిల్లర కొట్లవాళ్ళ కుటుంబం. బెల్లం కారినా, మిరపకాయలు ఎండి తూకం తగ్గినా మా నాన్న "తరుగు" అని తేల్చేసేవాడు. తగ్గిన సరుకు ఎక్కడికి పోయిందని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. రేపల్లెలో ఐసు ఫ్యాక్టరీ పెట్టాక, నీళ్ళను గడ్డకట్టించే అమ్మోనియా గ్యాసుకూ నేను అదే లెక్క వాడాను. ఏటా యంత్రంలో గ్యాసు తగ్గేది, సిలిండర్లు తెప్పించి నింపేవాణ్ణి.

ఫ్యాక్టరీ నుంచి గాలిలోకీ నీళ్ళలోకీ ఏం వదిలామో ఏడాదికోసారి కాలుష్య నియంత్రణ ఆఫీసుకు చెప్పుకోవాలి. ఆ నివేదిక రాసిపెట్టడానికి ఈసారి కొత్త కన్సల్టెంటు వచ్చాడు.

"కొన్న గ్యాసంతా మిషన్లో లేదు. మిగతాది ఏమైందండి?"

"తరుగండి."

"ఇందులో తరుగు ఉండదండి. గాలిలోకి పోయినట్టే రాయాలి."

"పోనీ, సగం రాయండి."

ఒప్పుకోలేదు. అంతా రాస్తే ఫ్యాక్టరీ ఆపిస్తారని నా భయం. చేపల వేట జోరుగా ఉన్నప్పుడు ఐసు ఆగితే పడవలవాళ్ళు వేరే చోట అలవాటు పడతారు. అందుకని బేరం వదల్లేదు.

మా ఫ్యాక్టరీ వెనక గోడను ఆనుకునే ఇల్లున్న చేపలమ్మే పిన్ని, ఐసు కోసం వచ్చి గుమ్మంలో నిలబడి అంతా విన్నది.

"ఆ పోయిందంతా మా ఇంట్లోకే వస్తంది బాబూ. ఉల్లిపాయలు కొయ్యకుండానే ఏడుస్తన్నాం. నువ్వు సగం రాస్తే మా కళ్ళు సగమే మండుతాయా ఏంటి?"

కన్సల్టెంటు నవ్వు దాచుకోవడానికి కాల్‌క్యులేటరు మీదికి వంగాడు. బేరంలో నేను తగ్గడం అదే మొదలు.

"మొత్తం రాయండి," అన్నాను.

అనుకున్నట్టే కాలుష్య నియంత్రణ ఆఫీసువాళ్ళు బాపట్లకు పిలిపించారు.

"ఇదంతా మీరే రాశారా?" అన్నాడు అధికారి.

"నేనేనండి. కారే వాల్వులు, పాత పైపులు మార్పిస్తానండి."

"మార్చేదాకా మిషను తిప్పకండి."

"సగం మిషనైనా..." అని మొదలుపెట్టాను. పుట్టుబుద్ధి ఎక్కడికి పోతుంది? పిన్ని మాట చెవిలో పడ్డట్టయింది. "వద్దులెండి. పూర్తిగానే ఆపుతాను," అన్నాను.

మర్నాడే పైపులు విప్పించాను. పిన్ని బుట్టతో వచ్చి, మూగగా ఉన్న ఫ్యాక్టరీని చూసింది.

"మరి ఐసెట్టా బాబూ?"

"బస్టాండు వెనక ఇంకో ఫ్యాక్టరీ ఉంది పిన్నీ."

కొట్లో పెరిగినవాణ్ణయ్యుండీ, నా గిరాకీని నా నోటితోనే పక్కకు పంపించాను. మనసాగక వెనక నుంచి కేకేశాను.

"చెప్పిన రేటుకు తీసుకోకు. వాడు ముందు ఎక్కువే చెబుతాడు."