అచ్చులో ‘మా అన్న’

అదే కదా నేనూ చెప్తున్నది. ఉత్తరం ఆమె బాగా రాసింది, నాకంటే బాగా రాసింది. ఆ మాట నాతో ఇంకెన్నిసార్లు చెప్పిస్తారు? నా గొడవ ఉత్తరంతో కాదు, అందులో ఉన్న రెండు మాటలతో. ‘మా అన్న’ అట. ఆమెకు అన్నలు లేరు, తమ్ముళ్లూ లేరు, ఇంట్లో ఆమె ఒక్కతే. ఆ అన్న నా అన్న.

మొదటి నుంచి చెప్తాను. మేము సూరత్ శివారులోని ఉన్‌లో ఉంటాం. మా అన్న పన్నెండేళ్ల వయసులో ఊరి బడి వదిలి అమ్మానాన్నలతో సూరత్ వచ్చాడు. నేను ఇక్కడే పుట్టాను, గుజరాతీ మీడియంలో చదివాను. మా అన్న పెద్దయ్యాక కార్ఖానాలో సాంచాలు నడిపేవాడు. పవర్‌లూమ్‌ను మావాళ్లు అలాగే అంటారు. రోజుకు పన్నెండు గంటలు నిలబడే పని. ఒళ్లు నొప్పులకని పక్క సాంచా మనిషి ఇచ్చిన ఒక గోళీతో మొదలై, గోళీ లేనిదే కాలు కదలని దాకా వచ్చింది.

మొదటి లాక్‌డౌన్‌లో సాంచాలు ఆగాయి, గోళీలు దొరకడమూ ఆగింది. మా అన్న చేతులు వణికేవి. ఒకరోజు పొద్దున్నే వెతుక్కుంటూ వెళ్లి, ఎక్కడో నాలుగు సంపాదించి తిరిగి వస్తుంటే ఖటోదరా దగ్గర పోలీసులు మాస్కు లేదని ఆపారు. జేబులో గోళీల స్ట్రిప్ కనిపించింది. ఒక పూట కూర్చోబెట్టి, మళ్లీ దొరికితే కేసే అని చెప్పి పంపేశారు. మర్నాడు నా ఫోన్‌లో ఒక గుజరాతీ పేపర్ తెరిస్తే మా అన్న ఫోటో. కింద ‘నషేడీ’ అని ఒకే ఒక్క మాట. మత్తుకు బానిస అని.

ఆ వార్త కింద కామెంట్లలో కనిపించిన ప్రతివాడితోనూ దెబ్బలాడాను. అది చూసి ఒక రిటైరైన టీచరమ్మ నాకు మెసేజ్ పెట్టింది. ఆమెను అందరం బెన్, అంటే అక్క, అని పిలుస్తాం. ఆమె నడిపే వాట్సాప్ గ్రూపులో అందరూ వాలంటీర్లే. రోజూ తలా ఒక పేపరు చూడాలి. మత్తు అలవాటున్న మనిషి ఫోటో వేసినా, దొంగలాగా రాసినా, సంపాదకుడికి ఉత్తరం రాయాలి. సొంత వాడకానికి నాలుగు గోళీలతో దొరికినవాడిని జైలుకు కాదు, ఆసుపత్రికి పంపేలా చట్టం మారాలని ప్రతి ఉత్తరం చివర అడగాలి. ఎలాగూ చేతిలోంచి ఫోన్ దించని మనిషిని, ఈ పని నాకోసమే పుట్టిందనుకున్నాను. నా గుజరాతీ ఉత్తరాలు రెండు అచ్చయ్యాయి. ఒక ఛానెల్ నా పోరు పడలేక ఒకతని ముఖాన్ని మసక చేసింది. బెన్ నన్ను ‘మారీ తోప్’ అనేది, నా ఫిరంగి అని. మా అన్న కూడా ఆ అలవాటు మాన్పించే చికిత్సకు ఆసుపత్రికి వారం వారం వెళ్లడం మొదలుపెట్టాడు.

రెండో ఏడాది మళ్లీ సగం లాక్‌డౌన్ పడ్డప్పుడు బెన్, తెలుగువాళ్ల కోసం తెలుగులో ఎవరు రాస్తారని అడిగింది. నేనున్నానుగా అన్నాను. ఇంట్లో మాట్లాడే భాషే కదా, రాయడానికేముంది అనుకున్నాను. మా తెలుగు సమాజం వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి ఎర్ర అక్షరాలతో ఒక కార్డు చేశాను. హిందీలో ‘దవా’ అనుకుని, తెలుగులో ఇలా రాశాను: ‘వాళ్లకు జైలు కాదు, మందు కావాలి.’

పెట్టిన నిమిషానికి ఒక మెసేజ్ నాకు విడిగా వచ్చింది. సిరిసిల్ల నుంచి సూరత్‌లోనే పర్వత్ పాటియాలో ఉన్న అత్తగారింటికి వచ్చి, లాక్‌డౌన్‌లో ఇక్కడే చిక్కుకుపోయిన ఒక అమ్మాయి. తెలుగులో డిగ్రీ చేసిందట. “అక్కా, మందు తీసేసి చికిత్స అని పెట్టు జర. నవ్వుతరు,” అని రాసింది. చదివి, కార్డును అలాగే ఉంచాను. నాకు తెలుగు నేర్పేదెవరు అనుకున్నాను.

మందు మీద నిషేధం ఉన్న గుజరాత్‌లో, పైగా లాక్‌డౌన్‌లో, మందు కావాలని కార్డు తిరిగితే ఏమవుతుందో మీకు చెప్పాలా? సాయంత్రానికి అందరి ఫోన్లలో అదే. “చెల్లె, మాకు సుత కావాలె, యాడ ఇస్తున్నరో లొకేషన్ పంపు” అని ఒకాయన. “మాది ఒక బాటిల్ రాసుకో” అని ఇంకొకాయన. మర్నాడు చాయ్ బండి దగ్గర మా అన్నను చుట్టుముట్టి, “ఏందిరా, మీ చెల్లె నీకు మందిప్పిస్తదట గదా” అన్నారట.

ఆ వారం మా అన్న ఆసుపత్రికి వెళ్లలేదు. తర్వాతి వారమూ వెళ్లలేదు.

“అన్నా, ఇయ్యాల దవాఖానకు పోవాలె గదా,” అన్నాను.

“పోను. నీ ఫోన్ల నన్ను ఇంకెంతమందికి సూపెడ్తవ్?”

మా అన్న చేతులు మళ్లీ వణకడం మొదలుపెట్టాయి. నాకు భయమేసింది. తెలుగులో ఈ తప్పు ఎలా దిద్దాలో అడగడానికి ఎవరున్నారు? ఆ అమ్మాయికే ఫోన్ చేశాను. గోళీలు, ఖటోదరా, ఫోటో, చాయ్ బండి, అన్నీ ఏడుస్తూ చెప్పాను. ఆమె అడ్డురాకుండా విన్నది. పది రోజులకు ఒక తెలుగు పేపర్లో ఉత్తరం వచ్చింది. ‘మా అన్న గోళీలకు అలవాటు పడ్డాడు. మా అన్న దొంగ కాదు. ఒళ్లు నొప్పికి మందులు అడిగిన పనివాడు. అతన్ని పట్టుకున్న చట్టం ఆసుపత్రి దారి చూపించి ఉంటే...’ కింద ఆమె పేరు.

వెంటనే ఫోన్ కొట్టాను. “ఏందే, నీకు అన్న ఎన్నడు పుట్టిండు?”

“దోస్తు వాళ్ల అన్న అని రాస్తే ఎవరో మనోళ్లకు ఎర్కైతది అక్కా. మళ్ల మీ అన్న మీదికే వస్తది. గందుకే నా మీదేసుకున్న.”

“నన్ను అడుగకుండనేనా?”

“అడిగితే వద్దంటుంటివి.”

ఫోన్ కట్ చేశాను. అనేదాన్నే, నిజమే. ఆ తర్వాత వాళ్ల గల్లీ అంతా ఏ అన్న, ఎక్కడి అన్న అని అడిగిందనీ, ఇంటి పరువు పేపర్లో పెట్టావని వాళ్ల అత్త నిలదీసిందనీ తెలిసింది. ఆమె ఎవరికీ అసలు సంగతి చెప్పలేదు. అదీ నాకు మంటే. అంత ధైర్యం నాకు లేదని ఆమె అనలేదు కానీ, నాకు అలాగే వినిపించింది.

ఆ వారం మా అన్న స్నానం చేసి, చొక్కా మార్చుకుని, నేను చెప్పకుండానే ఆసుపత్రికి బయల్దేరాడు. చేతిలోని ఫోన్‌లో ఆ ఉత్తరం ఫోటో తెరిచి ఉంది. ఫోన్‌లో నా లడాయి విన్నవాడికి, అది తన కథేనని తెలిసిపోయింది.

“ఇయ్యాల ఎట్ల పోతున్నవ్?” అన్నాను.

“గా పిల్ల నన్ను దొంగ కాదన్నది.”

“నేననలేదా? సంవత్సరం సంది గదే అనుకుంట అందరితోని లడాయి చేస్తున్న.”

“నువ్వు గుజరాతీల అన్నవ్ చెల్లె. నాకు సదవస్తదా?”

మెట్లు దిగి వెళ్లిపోయాడు. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. మా అన్నకు చదవడం వచ్చింది తెలుగొక్కటే. అచ్చయిన నా రెండు ఉత్తరాలూ అతనికి నల్లటి గీతలే. అతని కోసం ఊరందరితో కొట్లాడాను గానీ, అతను చదవగలిగేలా రాసింది ఒక్క వాక్యం. ఆ వాక్యంలో మందు ఉంది.

ఇప్పుడు మా అన్న ఒక్క వారం కూడా మానడం లేదు. బెన్ ఆ అమ్మాయిని గ్రూపులో చేర్చి ‘మారీ కలమ్’ అంటోంది, నా కలం అని. నేను అక్షరాలు దిద్దుకుని ఇది తెలుగులో రాస్తున్నాను. ఎన్నిచోట్ల వీలైతే అన్నిచోట్ల ‘మా అన్న’ అని రాశాను. ఆమె మంచిదే, ఒప్పుకుంటాను. మీ అన్నను ఇంకొకరు తమ అన్నగా అచ్చు వేయించుకుని, దానివల్లే అతను బాగుపడుతూ ఉంటే, మీకు కడుపు మండదా? మండదని నా ముఖం చూసి చెప్పగలరా?