సంవత్సరం లేని మాట

నా దగ్గర నలభై మూడు డైరీలున్నాయి. చెక్క బీరువాలో కింది అర నుంచి పైకి, ఏడాది తర్వాత ఏడాదిగా పేర్చాను. వాటిలో ఒకే ఒక్క పేజీలో చిన్న గుడ్డపీలిక పెట్టి ఉంది. ఆ పేజీని వెతుక్కోవలసిన అవసరం నాకు ఏనాడూ రాలేదు. అయినా పీలిక తీయలేదు.

కార్వేటినగరం దగ్గర ఒక తాలూకాఫీసులో గుమాస్తాగా చేరిన నెలలోనే వాన లెక్క నాకు అప్పగించారు. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకి డబ్బాలో పడ్డ నీళ్ళని కొలత గాజులోకి ఒంపి రిజిస్టరులో రాయాలి. రిజిస్టరులో రాసిందే సాయంత్రం ఇంటికొచ్చి డైరీలోనూ ఎక్కించేవాడిని. పక్కనే ఉన్న చెరువులో నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో కూడా రాసేవాడిని, అది ఎవరూ అడగకపోయినా. ఊళ్ళో నన్ను 'వాన సారు' అనేవాళ్ళు. వానలు ముఖం చాటేసిన ఏళ్ళలో ఆ పిలుపు ఎగతాళిగానే వినబడేది.

శ్రీలంక యుద్ధం నుంచి పడవల్లో తప్పించుకొచ్చిన తమిళ కుటుంబాలు కొన్ని అప్పట్లో మా వైపు రాళ్ళ క్వారీల్లో పనిచేస్తూ, గోనెపట్టాల కింద కాపురం ఉండేవి. వాళ్ళకి ఇళ్ళు కట్టించడానికి చెరువు దిగువన ఉన్న ప్రభుత్వ పోరంబోకు భూమి చూశారు. వాళ్ళ తరఫున స్థలం చూడటానికి ఒక పెద్దాయన వచ్చాడు. ఆయన అడిగింది ఒక్కటే.

"నీళ్ళకి దూరంగా ఉండే తావు సూపించండయ్యా. మాకు ఇంకేమీ వద్దు."

పడవలో వస్తుండగా ఆయన కూతురు సముద్రంలో పడిపోయింది. ఆ సంగతి ఆయన గొంతు పెంచకుండా, తన ఊరి పేరు చెప్పినట్టు చెప్పాడు.

ఆయనకి ధైర్యం చెప్పాలనిపించింది. మరుసటి రోజు సంచిలో డైరీలు వేసుకెళ్ళాను. చెరువు నిండాక ఎక్కువైన నీళ్ళు దూకి పోయే రాతికట్టుని మా వైపు మరవ అంటారు. నేను లెక్క రాస్తున్న ఇరవై రెండేళ్ళలో ఆ మరవ మీద ఒక్కసారి కూడా నీళ్ళు పారలేదు. కింద కాలువ ఉండేదన్న గుర్తు కూడా లేకుండా కంపచెట్లు మూసేశాయి. పేజీలు తిప్పి చూపించాను. ఆయనకి తెలుగు చదవడం రాదు, అయినా ప్రతి పేజీనీ వేలితో తాకి చూశాడు.

చెరువు తూములు తెరిచి మూసే నీరుగంటి అక్కడే గట్టు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"అది నీళ్ళు పోయే దారి సారూ. మా నాయన ఆడ మొల లోతులో నడిసినాడు."

"ఏ సంవత్సరం?"

"సంవత్సరం నాకెట్ల తెలుస్తాది? నేనప్పుడు చంకలో బిడ్డని."

సంవత్సరం లేని మాటని నేను రాసుకునేవాడిని కాదు. దానికి నా డైరీలో గడి లేదు. ఆఫీసర్ అడిగినప్పుడు "ముంపు భయం లేదు సార్" అన్నాను. ఆ మాట ఫైల్లోకి ఎక్కింది, కాలనీ లేచింది. చిట్టచివరి ఇల్లు పెద్దాయనది, ఆయన భార్యది.

నేను రిటైరయ్యాక వానలు పద్ధతి తప్పాయి. వాన కార్తెలు వట్టిపోయి, మొత్తం వాన రెండు మూడు రోజుల్లో కుమ్మరించడం మొదలైంది. మేడ మీద నేను సొంతంగా పెట్టుకున్న డబ్బా కొన్నేళ్ళ కిందట ఒక కార్తీకంలో, ఒకే రోజు మూడుసార్లు పొర్లింది. మిల్లీమీటర్ల గడిని రెండంకెలకి సరిపడా గీసుకున్నాను. ఆ రోజు అంకె గడి దాటి పక్క గడిలోకి పోయింది.

మర్నాడు పొద్దున డప్పులు వినబడ్డాయి. చెరువు మరవ పారుతోంది! పసుపు కుంకుమలు, కొబ్బరికాయలు, ఒక మేకపోతు తీసుకుని ఊరంతా గట్టెక్కింది. మరవ పారినప్పుడు గంగమ్మకి ఎదురెళ్ళి మొక్కడం మా ఊళ్ళలో ఆనవాయితీ. నేనూ వెళ్ళాను.

"ఏం సారూ, ఈ పొద్దన్నా మీ పుస్తకానికి దాహం తీరిందా?" అన్నాడొకడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

డైరీ తీసి గొడుగు కింద పట్టుకుని టైము రాశాను. మరవ రాయి మీద నీళ్ళెంత మందంలో పోతున్నాయో కర్రతో కొలిచి అదీ రాశాను. నీళ్ళ రంగు రాశాను. చివర 'ఊరంతా సంతోషం' అని రాశాను. గుడ్డపీలిక ఉన్నది ఆ పేజీలోనే. అప్పటికి బాగా ముసలివాడైపోయిన నీరుగంటి మాత్రం అందరిలాగా నీళ్ళకేసి చూడటం లేదు, దిగువకి చూస్తున్నాడు.

"ఆడికి ఎవురన్నా పోయి సెప్పినారా?" అన్నాడు.

ఎవరూ పోలేదు. అందరం పైనే ఉన్నాం.

నీళ్ళు కంపచెట్లని వేళ్ళతో సహా పెకలించి ముందుకి తోసుకుంటూ పోయాయి. కాలనీవాళ్ళు చాలామంది రోడ్డెక్కేశారు. పెద్దాయన భార్య రేషనుకని ఊళ్ళోకి వచ్చి ఉంది. ఆయనకి అప్పటికే మోకాళ్ళు పనిచేయడం లేదు. మధ్యాహ్నం కంప తట్టుకున్న చోట ఆయన దొరికాడు.

ఊరి పొలాల మీద కూడా మోకాలెత్తు ఇసుక మేట వేసింది. కాలనీలో సగం ఇళ్ళు నిలబడలేదు, పైరూ నిలబడలేదు. కాలువ తవ్వాలని, కాలనీని ఊరివాళ్ళు పంట నూర్చుకునే కళ్ళాల మెట్ట మీదికి మార్చాలని నేను ఇంటింటికీ తిరిగాను.

"వాళ్ళని మెట్టెక్కిస్తే మేం కళ్ళాలు యాడ ఏసుకునేదబ్బా, మీ మేడ మీదనా?" అని అడిగాడు ఒక రైతు.

"కాలువ తవ్వకపోతే కళ్ళంలో వేసుకోడానికి నీకేం పండుతుంది?" అన్నాను.

కోపగించుకున్నాడు గానీ పది రోజుల తర్వాత తనే పార తెచ్చాడు. వేసవంతా కాలనీవాళ్ళు, ఊరివాళ్ళు కలిసి కంప కొట్టి కాలువ తవ్వారు. మెట్టలో సగం ఊరు వదులుకుంది. మరవ పారితే డప్పు మొదట కాలనీకి పోవాలి, అక్కడ అందరూ మెట్టెక్కాకే గంగమ్మకి పసుపు కుంకుమ అని పంచాయతీలో ఒప్పుకున్నారు. దిగువన మిగిలిన ఇళ్ళూ ఒక్కొక్కటే మెట్టకి మారాయి. చివరి ఇల్లు తప్ప.

పెద్దాయన భార్య కదలనంది. "ఆయన ఈడనే పోయినాడు. నేనూ ఈడనే" అంది. వానాకాలం ముందుకొస్తోంది. ఒక సాయంత్రం వెళ్ళి ఆమె గడప ముందు కూర్చున్నాను. గోడ మీద బురదనీళ్ళ చార నా భుజం ఎత్తున ఉంది. ఆమె దాన్ని కడగలేదు.

"అక్కా, ఈ చోటు మంచిదని ఆఫీసుకి చెప్పింది నేనే" అన్నాను. అన్నేళ్ళలో ఆ మాట ఎవరితోనూ అనలేదు, డైరీలో కూడా రాయలేదు.

ఆమె చేటలో రాళ్ళు ఏరడం ఆపలేదు.

"తెలుసయ్యా. ఆయన ఆ పొద్దు ఇంటికొచ్చి సెప్పినాడు. పుస్తకముండే మనిషి సూపించినాడు, ఇంక నీళ్ళ బయం లేదు మనకి అన్నాడు. ఆ రాత్రి నిండా నిద్రపోయినాడు. పడవ దిగినాంక అదే మొదటిసారి."

ఆమె చేట పక్కన పెట్టింది.

"నువ్వా పొద్దు పైన ఏం రాసుకుంటా ఉన్నావు?"

దాచలేకపోయాను. టైము, నీళ్ళ మందం, రంగు, చివరి రెండు మాటలు, అన్నీ చెప్పాను. ఆమె లేచి గోడ మీది చారని వేలితో తాకింది.

"మళ్ళీ నీళ్ళొస్తే నువ్వే వచ్చి సెప్తావా? పుస్తకం తీకుండా?"

"వస్తానక్కా."

"అట్లైతే వస్తా మెట్టకి."

పోయిన ఏడు మళ్ళీ మరవ పారింది. పొద్దున్నే డప్పు కంటే ముందు నేను పరుగు లాంటి నడకతో కాలనీ చేరాను. ఈ వయసులో అంతకన్నా చేతకాదు. ముందు అక్కకి చెప్పాను. పాత ఇళ్ళ దగ్గర మేకల కోసం దిగువకి దిగినవాళ్ళలో తెలిసినవాళ్ళందరినీ పేరు పెట్టి పిలిచాను. మెట్ట మీద తన వసారాలో గోనెపట్టా కప్పుకుని కూర్చున్న ఆమె, ఎక్కి వస్తున్న ప్రతి మనిషినీ చూస్తూ వేళ్ళు ముడుస్తోంది. కింద పాత ఇంటి గోడ మెల్లగా నానిపోతోంది. దానికేసి ఆమె చూడలేదు, నేను చూశాను. కిటికీ తలుపు ఒకసారి తెరుచుకుని మూసుకుంది, లోపల ఎవరో లేచినట్టు.

చివరివాడు పైకి ఎక్కాక ఆమె నావైపు తిరిగింది.

"రాసుకున్నావా?"

"ఇంకా లేదక్కా."

"రాసుకో మల్ల. అందరూ పైన ఉండారు."

జేబు తడుముకున్నాను. పెన్ను ఇంట్లోనే వదిలేసి వచ్చాను.