తడి ఆరిన బిళ్లలు

ప్రయోగశాలలో అందరూ ఆమెను ‘లేజరమ్మ’ అనేవారు. పింగాణీలా తెల్లగా మెరిసే జిర్కోనియా బిళ్లల మీద లేజర్‌తో వెంట్రుకకన్నా సన్నటి చాళ్లు తీయడం ఆమె పని. ఊడిన పంటి చోట దవడలో దించే మేకును ఆ జిర్కోనియాతోనే చేస్తారు; అది మరీ నున్నగా ఉంటే ఎముక కణాలకు పట్టు దొరకదు. ఎంత లోతున చాలు తీస్తే అవి కాళ్లు చాపుకొని అతుక్కుంటాయో తేల్చడానికి ఆమె వయసంతా ఆ గదిలోనే కరిగిపోయింది.

ఆ కష్టమంతా సొంత బావే కాజేశాడు. అక్క మొగుడు, ఆ విభాగానికి పెద్ద. నిండు సభలో అదంతా తన పనేనని చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు. ముందు వరుసలోనే ఉన్న మరదలి పేరు మాటవరసకైనా ఎత్తలేదు.

“ఇంటి గుట్టు వీధిన పెడతావా? ఊరుకోవే,” అంది అక్క.

“అలాగేనక్కా. నోరు మెదపను.”

కొన్నాళ్లకు పేరున్న శస్త్రవైద్యులు చూడ్డానికి వస్తున్నారని బావ హడావిడి పడ్డాడు. చాళ్లు తీసిన బిళ్లలను ఆమె ఎప్పుడూ శుద్ధి చేసిన నీటిలో ముంచి మూత బిగించేది. గాలి తగిలితే కంటికి కనబడని జిడ్డు పేరుకుంటుంది, ఇక కణాలు అంటవు. బావ ఆ సీసాలు విప్పి, బిళ్లలను తుడిచి, వెల్వెట్ పెట్టెలో పేర్చి అద్దాల బీరువాలో పెట్టాడు.

“చూడు మరదలా, నగల్లా లేవూ?”

ఆపడానికి ఒక్క మాట చాలు. ఆ మాట ఆమె మింగేసింది.

“ఉన్నాయి బావగారూ.”

రోజూ ఆ బీరువా ముందునుంచి పోతూ, పొయ్యి మీది పాలను చూసినట్టు చూసేది.

వైద్యులు వచ్చారు. బీరువాలోంచి తీసి ముందురోజే కణాలు చల్లి ఉంచిన ఆ బిళ్లలను బావ, అంటనివి పోయేలా కడిగి, మైక్రోస్కోపు కింద పెట్టాడు. తెర మీద దున్నిన పొలంలా చాళ్లు కనిపించాయి, మొలకన్నది లేదు.

“ఇలా ఎందుకైంది?” అన్నాడొక పెద్ద వైద్యుడు. బావ ఆమెవైపు తిరిగాడు.

“మీ పని కదా బావగారూ, మీరే చెప్పాలి,” అంది చల్లగా.

బావ పదవి ఊడింది. లేజర్ గదికీ తాళం పడింది. అక్క ఉరుముతూ వచ్చింది.

“తెలిసీ చెప్పలేదా?”

“చెప్పలేదు.”

“నా కాపురం గుర్తు రాలేదటే?”

“వచ్చింది. అయినా చెప్పలేదు.”

అక్క మళ్లీ చెల్లెలి గడప తొక్కలేదు. లేజరమ్మ ఇంకోచోట చేరి మొదటి బిళ్లనుంచి మళ్లీ మొదలుపెట్టింది. ఎవరైనా జాలిపడితే, “పోతే పోయింది. ఆ పూట అతని ముఖం చూశాను, కడుపు నిండింది,” అనేది.